ఫీబీని తూచిన తీరు

శని చందమామల ప్రస్తావన వస్తే పత్రికల్లో చోటు దొరికేది టైటాన్‌కీ, ఎన్సెలాడస్‌కీ. ఒకదాని మీద మీథేన్ వానలు, రెండోదాని పగుళ్లలోంచి ఎగజిమ్మే నీటి ఆవిరి. ఫీబీకి అలాంటి హంగులేమీ లేవు. శనికి దాదాపు కోటీ ముప్ఫై లక్షల కిలోమీటర్ల దూరాన, ఒక చుట్టు తిరగడానికి ఏడాదిన్నర తీసుకునే నల్లటి ముద్ద అది. అడ్డకొలత 213 కిలోమీటర్లు. హైదరాబాద్‌లో బస్సెక్కి కర్నూల్లో దిగితే ఇంచుమించు అంత దూరం. మీద పడ్డ ఎండలో నూటికి తొంభై పాళ్లకు పైగా మింగేసి, మిగిలిన కాస్తా మనవైపు విదిలిస్తుంది.

అయినా నాకు ఫీబీ కథ ఎన్నిసార్లు చదివినా విసుగు పుట్టదు. ఆ రాయిని చదివినవాళ్ల పనితనం అలాంటిది. వాళ్ల ముందున్న ప్రశ్న చాలా మామూలుది, ఊళ్లో కొత్త మనిషి కనపడితే మనం అడిగేదే. ఎవరి తాలూకు? శని ఇంట్లో పుట్టిందా, ఎక్కణ్నుంచో వచ్చి ఇక్కడ చిక్కుకుందా? వచ్చిందైతే ఏ దిక్కు నుంచి? ఈ మూడు ముక్కలకు జవాబు కూడబలుక్కోవడానికి నూట ఇరవై ఏళ్లు పట్టింది.

మొదలు పెరూలో. అరెకిపా అనే ఊరు, ఎల్ మిస్తి అగ్నిపర్వతం పక్కన, సముద్రమట్టానికి రెండు వేల మీటర్లకు పైన ఉంటుంది. దక్షిణాకాశాన్ని ఫొటోలు తీయడానికి హార్వర్డ్ వాళ్లు అక్కడొక కేంద్రం నడిపేవారు. న్యూయార్క్‌కు చెందిన కేథరిన్ వుల్ఫ్ బ్రూస్ ఇచ్చిన 50 వేల డాలర్లతో తయారైన 24 అంగుళాల ఫొటో టెలిస్కోపు అక్కడ ఉండేది. 1898 ఆగస్టు 16 మొదలుకొని డెలైల్ స్టీవర్ట్ ఆ టెలిస్కోపుతో శని చుట్టుపక్కల ఆకాశాన్ని గాజు పలకల మీదికి దించాడు. ఒక్కో పలక 14 అంగుళాల వెడల్పు, 17 అంగుళాల పొడవు. చిన్న కిటికీ అద్దమంత.

ఈ పని ఎంత ఓపికతో కూడినదో ఫోన్‌తో ఫొటోలు తీసుకునే మనకు తట్టదు. మసక చుక్కలు పడాలంటే పలకను చాలాసేపు వెలుగుకు తెరిచి ఉంచాలి. అంతసేపూ టెలిస్కోపు ఆకాశంతో పాటు తిరుగుతూ ఉండాలి. గడియారపు యంత్రం తిప్పుతుంది, నిజమే, కానీ దాన్ని నమ్మి కునుకు తీస్తే తెల్లారేసరికి చుక్కలన్నీ గీతలై ఉంటాయి. పక్కనున్న గురి గొట్టంలో ఒక నక్షత్రాన్ని రెండు సన్నటి తీగల కూడలి మీద నిలబెట్టి, అది వెంట్రుకవాసి జారినప్పుడల్లా మర తిప్పి సర్దుతూ, చలిలో కన్ను ఆర్పకుండా కూర్చోవాలి. తర్వాత చీకటి గదిలో కడగడం, ఆరబెట్టడం, పగలకుండా ఓడెక్కించి మసాచుసెట్స్‌కు పంపడం.

ఆ పలకల్ని చదివింది హార్వర్డ్ ఖగోళ శాస్త్రవేత్త విలియం హెన్రీ పికరింగ్. 1899 మార్చిలో, అంటే ఏడు నెలల తర్వాత. ఆ పలక మీద ఒక మిల్లీమీటరు ఆకాశంలో ఒక నిమిషం కోణం. నిండు చందమామ ముప్ఫై మిల్లీమీటర్ల ప్రాంతంలో పడుతుంది. ఫీబీ శనికి ఎంత ఎడంగా వెళ్లినా పలక మీద మూడు సెంటీమీటర్ల పైచిలుకే. శని బాగా వెలుగుతుంది కాబట్టి అది పెద్ద మసిముద్దలా పడుతుంది. చుట్టూ వేలాది నక్షత్రాల చుక్కలు. మన కంటికి ఆనే అతి మసక నక్షత్రం కంటే పదివేల రెట్లకు పైగా మసకైన ఒక్క చుక్కను వాటిలో ఏరాలి. ఏరడానికి ఉన్న ఒకే ఒక గుర్తు, మిగతావన్నీ పలక పలకకూ ఉన్నచోటే ఉంటే ఇది శనితో పాటు ఆవగింజలో అరభాగమంత జరిగింది. పికరింగ్ ఆ జరుగుడు పట్టుకున్నాడు. ఫొటో ద్వారా దొరికిన మొట్టమొదటి ఉపగ్రహం అదే. నెగటివ్ పలక మీద వెలుగు నల్లగా పడుతుంది కదా, అంచేత మనిషి మొదటిసారి చూసిన ఫీబీ గాజు మీద నల్లచుక్క. అది నిజంగానే బొగ్గులా నల్లటిదని తెలియడానికి ఇంకా చాలాకాలం పట్టింది.

గాజు పలకల మాట వచ్చింది కాబట్టి ఒక ముక్క. ఈ తరహా పని మనకు తెలియనిదేమీ కాదు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ హైదరాబాద్‌లో మొదలుపెట్టి, తర్వాత బేగంపేటలో నిలదొక్కుకున్న నిజామియా అబ్జర్వేటరీ, ప్రపంచ నక్షత్ర పటం పనిలో దక్షిణాకాశపు 17 నుంచి 23 డిగ్రీల పట్టీని భుజానికెత్తుకుంది. అక్కడా ఇవే పలకలు, ఇదే కూర్చోవడం, ఇదే కొలవడం. పని వేరు, పనితనం ఒకటే.

పికరింగ్‌ను వెంటనే అందరూ నమ్మలేదు. మిగతా టెలిస్కోపులకు ఆ చుక్క దొరకలేదు. 1904లో అరెకిపా నుంచి మరిన్ని పలకలు వచ్చాయి, అమెరికాలోని యెర్కీస్ అబ్జర్వేటరీలో ఎడ్వర్డ్ బర్నార్డ్ 40 అంగుళాల దూరదర్శినితో కళ్లారా చూశాడు. అనుమానం తీరింది. ఆ ఊపు మీద పికరింగ్ 1905లో శనికి పదో చందమామను కూడా ప్రకటించాడు. థెమిస్ అని పేరు పెట్టాడు. టైటాన్‌కూ హైపీరియన్‌కూ నడుమ తిరుగుతుందన్నాడు, దాదాపు 21 రోజులకొక చుట్టు అని లెక్క కూడా కట్టాడు. తొమ్మిదో చందమామ ఫీబీకీ, ఈ పదో చందమామకూ కలిపి ఫ్రెంచి అకాడమీ లలాండ్ బహుమతి ఇచ్చింది. ఆ పదోది మళ్లీ ఎవరికీ కనపడలేదు. అలాంటిది లేదు. అవే కళ్లు, అదే పద్ధతి, ఒక చుక్క నిజం, ఒక చుక్క భ్రమ. పికరింగ్‌ను ఎగతాళి చేయడానికి ఇది చెప్పడం లేదు. మసక చుక్కతో పని ఎంత జారుడుమెట్టో తెలియాలంటే థెమిస్ పక్కన ఫీబీని పెట్టి చూడాలి.

కక్ష్య లెక్క తేలేసరికి వింత బయటపడింది. ఫీబీ ఎదురు తిరుగుతోంది. శని ఏ దిశలో తన చుట్టూ తాను తిరుగుతుందో, పెద్ద చందమామలన్నీ ఏ దిశలో తిరుగుతాయో, దానికి సరిగ్గా అపసవ్యంగా. మన జ్యోతిషులు శని వక్రించాడంటే అది భూమి మీంచి చూసేవాడి కంటికి కలిగే భ్రమ. ఫీబీ వక్రగతి అలా కాదు, అది జన్మజన్మలకూ వక్రమే. గ్రహంతో పాటు ఒకే సుడిలో, ఒకే వాయువుల పళ్లెంలో పుట్టిన పిల్లలు ఒకే వైపు తిరుగుతారు, గ్రహపు నడుము తలంలోనే ఉంటారు. ఎదురు తిరిగేది, అంత దూరాన ఉండేది, వేరే ఇంటిదై ఉండాలి.

దిశ చెప్పింది అంతే. బయటిదని చెప్పింది, ఏ ఊరిదో చెప్పలేదు. అభ్యర్థులు ఇద్దరు. కుజుడికీ గురుడికీ మధ్య తిరిగే గ్రహశకలాల్లో నల్లని, బొగ్గురంగు జాతి ఒకటి. నెప్ట్యూన్ అవతల చలిలో తిరిగే మంచురాళ్ల జాతి రెండోది, ప్లూటో చుట్టాలు. 1981 సెప్టెంబరులో వాయేజర్-2 ఇరవై లక్షల కిలోమీటర్లకు పైగా దూరాన్నుంచి ఫీబీని ఫొటో తీసింది. బొమ్మలో ఫీబీ వెడల్పు పదీ పన్నెండు పిక్సెళ్లు. నల్లగా, గుండ్రంగా ఉందని తెలిసింది. నలుపు చూసి చాలామంది గ్రహశకలాల జాతి వైపు మొగ్గారు. పది పిక్సెళ్లతో అంతకంటే ఏం తేల్చగలరు?

1999లో మాత్రం భూమి మీది టెలిస్కోపులే ఫీబీ వెలుగులో నీటిమంచు జాడ పట్టాయి. నల్లటి రాతిలో మంచు! తక్కెడ ఇంకోవైపు ఒరిగింది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం. 1997 అక్టోబరులో బయల్దేరిన కసీని నౌక శనిని చేరే తేదీని, దారిలో ఫీబీ పక్కనుంచి పోయేలా ఎంచుకున్నారు. శని చుట్టూ కక్ష్యలో పడ్డాక ఫీబీ దరిదాపులకు మళ్లీ వెళ్లే అవకాశం ఉండదు, అది అంత దూరం. కాబట్టి ఒక్కటే ఛాన్సు. 2004 జూన్ 11న, శని ఇంటి గుమ్మం తొక్కడానికి మూడు వారాల లోపు, 2,068 కిలోమీటర్ల దూరంలో కసీని దాటిపోయింది. అప్పుడు భూమి నుంచి ఒక సంకేతం అక్కడికి చేరాలంటే గంటా ఇరవై నిమిషాలకు పైగా పట్టేది. అంటే ఎటు తిరగాలి, ఎప్పుడు తీయాలి, అంతా ముందే రాసి పంపాలి. పైగా కసీనికి మెడ లేదు. కెమెరాను తిప్పే చేయి ఖర్చు తగ్గించుకునే రోజుల్లో తీసేశారు. ఏదైనా చూడాలంటే నౌక మొత్తం ఒళ్లు తిప్పుకోవాలి. ఫీబీయే కొంత సాయం చేసింది. తన చుట్టూ తాను 9 గంటల 17 నిమిషాలకు ఒకసారి తిరుగుతుంది కాబట్టి, నౌక వస్తూ ఉండగా పూతరేకు తిప్పి చూపించినట్టు ఒళ్లంతా చూపించింది.

బొమ్మలు అద్భుతంగా వచ్చాయి. గుంటల మీద గుంటలు. అతి పెద్దదాని పేరు జేసన్, వంద కిలోమీటర్ల వెడల్పు. ఫీబీ వెడల్పులో సగం! గోడల మీద తెల్లటి చారలు. పైనున్న మసి జారి కింద కూలిన చోట లోపలి మంచు మెరుస్తోంది. ఇవన్నీ చూడ్డానికి బాగున్నాయి. కానీ అసలు పనితనం బొమ్మల్లో లేదు, బరువులో ఉంది.

సంతలో కొబ్బరికాయ కొనేవాళ్లను చూడండి. ఒకే సైజున్న రెండు కాయలు చేతిలో పెట్టుకుని తూకం చూస్తారు. లోపల ఏముందో పగలగొట్టకుండానే తేలుస్తారు. ఫీబీని తూచింది ఇలాగే. కాకపోతే చెయ్యి లేదు. కసీని రేడియో సంకేతమే చెయ్యి. నౌక పక్కనుంచి పోతుంటే ఫీబీ దాన్ని కొద్దిగా లాగుతుంది. లాగినప్పుడు వేగం మారుతుంది. వేగం మారితే భూమికి చేరే రేడియో తరంగం స్వరం వెంట్రుకవాసి మారుతుంది, రైలు కూత దగ్గరికొచ్చి దూరమయ్యేటప్పుడు మారినట్టు. ఎంత మారిందంటే, నేను వేసుకున్న లెక్కలో సెకనుకు పది సెంటీమీటర్ల లోపు. సెకనుకు కొన్ని కిలోమీటర్లు దూసుకుపోతున్న నౌక వేగంలో జానెడు కూడా లేని తేడా! అది 150 కోట్ల కిలోమీటర్ల అవతలి నుంచి, భూమి మీది యాంటెన్నాల్లో కనపడింది. దాని నుంచి ఫీబీ ద్రవ్యరాశి వచ్చింది. ఘనపరిమాణం బొమ్మల నుంచి. వందల ఫొటోల్లో గుర్తుపట్టిన గుంటల అంచుల్ని ఒకదానితో ఒకటి పోల్చి, ముద్ద ఆకారాన్ని కంప్యూటర్లో మలిచారు. తమాషా ఏమిటంటే చివరి లెక్కలో తప్పుకు ఎక్కువ తావున్నది బరువులో కాదు, ఆకారంలో. అంత దూరాన్నుంచి తూచిన తూకం కంటే కళ్లెదుట ఉన్న ఫొటోల కొలతే కాస్త వదులు.

బరువును పరిమాణంతో భాగిస్తే సాంద్రత. ఫీబీది ఘన సెంటీమీటరుకు దాదాపు 1.63 గ్రాములు, రెండు మూడు శాతం అటూ ఇటూ. నీటికి ఒకటి. మామూలు బండరాయికి మూడు దగ్గర. అంటే రాయీ మంచూ కలిసిన ముద్ద. ఇంతవరకు ఎవరైనా చెప్తారు. 2005 మే నెలలో నేచర్ పత్రికలో టొరెన్స్ జాన్సన్, జొనాథన్ లూనైన్ రాసిన మూడు పేజీల వ్యాసం ఆ ఒక్క అంకెలోంచి ఫీబీ ఊరు ఎక్కడో పిండడానికి చూసింది. మూడు పేజీలే. మన దగ్గర పుస్తకం ముందుమాట కూడా అంతకంటే పొడవుంటుంది.

వాదన ఇది. సూర్యుడు పుట్టిన వాయువుల మబ్బులో ఆక్సిజన్ ఇంత, కార్బన్ ఇంత అని ఒక లెక్క ఉంది. రాయి తన వాటా ఆక్సిజన్‌ను ముందే తీసుకుంటుంది. మిగిలినదాని మీద నీరు చేయి వేస్తుంది, కార్బన్ కూడా చేయి వేస్తుంది. చల్లటి, పలుచటి బయటి ప్రాంతాల్లో కార్బన్ మోనాక్సైడుగా ఉండిపోతుంది. అంటే ఒక్కో కార్బన్ పరమాణువు ఒక్కో ఆక్సిజన్‌ను పట్టుకుపోతుంది. నీటికి మిగిలేది తక్కువ. నీరు తక్కువైతే మంచు తక్కువ, మంచు తక్కువైతే రాతి పాలు ఎక్కువ, ముద్ద బరువు. అదే శని చుట్టూ చేరిన పళ్లెంలో ఒత్తిడి ఎక్కువ, అక్కడ కార్బన్ హైడ్రోజన్‌తో జతకట్టి మీథేన్ అవుతుంది, ఆక్సిజన్ జోలికి రాదు. నీరు పుష్కలం. ముద్ద తేలిక. నిజంగానే శని సొంత మంచు చందమామల సగటు సాంద్రత 1.3 ప్రాంతంలో ఉంటుంది. ప్లూటో, నెప్ట్యూన్ చందమామ ట్రైటాన్ లాంటివి, వాటి సొంత బరువుకు అణగిన లెక్క తీసేస్తే, 1.9 దగ్గర ఉంటాయి.

ఫీబీ 1.63. మధ్యలో పడింది. ఇక్కడ జాన్సన్, లూనైన్‌ల తెలివి చూడండి. ఫీబీ లోపల ఖాళీలు ఉండొచ్చు, ఎన్ని ఉన్నాయో ఎవరికీ తెలియదు. తెలియకపోవడం వాదనకు గండి కొట్టాలి కదా? కొట్టదు, ఎందుకంటే తప్పు ఒకే వైపు పోతుంది. లోపల బోలు ఎంత ఎక్కువుంటే మిగిలిన గట్టి పదార్థం అంత బరువైనదై ఉండాలి. బోలు పదిహేను శాతం అనుకుంటే పదార్థం సాంద్రత 1.9, సరిగ్గా ప్లూటో ఊరిది. బోలు అసలు లేదనుకున్నా శని పిల్లల సగటు కంటే పైనే. తెలియని అంకెను తీసుకుని, అది ఎటు తిరిగినా తమకు ఎదురు రాకుండా వాదనను కూర్చడం, నా దృష్టిలో ఈ మొత్తం కథలో అతి నాజూకైన పని ఇదే.

అయితే నాజూకు పని కూడా గట్టిగా నిలవాలి. ఎదురు ప్రశ్న ఒకటుంది. ఎన్సెలాడస్ సాంద్రత 1.61. అది శని సొంత బిడ్డే, అనుమానమే లేదు, అయినా ఫీబీ అంత బరువు. అంటే సాంద్రత ఒక్కటే జాతి చెప్పే గీటురాయి కాదు. సగటుతో పోలిస్తే నిలిచే వాదన, ఒక్కో చందమామతో పోలిస్తే తడబడుతుంది. ఇంకో సాక్ష్యం కావాలి.

ఆ సాక్ష్యం అదే సంచికలో, ఈ వ్యాసానికి ముందు పేజీల్లోనే ఉంది. రోజర్ క్లార్క్ బృందం కసీనిలోని విమ్స్ అనే వర్ణపట పరికరంతో చేసిన పని. మామూలు కెమెరా రంగును మూడు ముక్కలుగా చూస్తుంది. విమ్స్ 352 ముక్కలుగా, కంటికి కనిపించే నీలం నుంచి కంటికి అందని పరారుణం దాకా చూస్తుంది. ప్రతి పదార్థం తనకు ఇష్టమైన చోట వెలుగును తింటుంది. నీటిమంచు ఒకటిన్నర మైక్రాన్ల దగ్గరా, రెండు దగ్గరా కొరుకుతుంది. కార్బన్ డయాక్సైడ్ 4.26 దగ్గర. ఆ కొరుకుళ్లను బట్టి ఎవరెవరు ఉన్నారో పట్టుకోవాలి. ఫీబీలో దొరికినవి: నీటిమంచు, ఖనిజాల్లో బంధమైన నీరు, ఇనుము కలిసిన ఖనిజాలు, బహుశా బంకమట్టి జాతివి, లోపల చిక్కుకున్న కార్బన్ డయాక్సైడ్, కర్బన పదార్థాలు, సయనైడ్ సమ్మేళనాలు. సౌరకుటుంబంలో అప్పటిదాకా చూసిన వాటిలో ఇంత కలగలుపు సరుకున్న ఉపరితలాలు చాలా తక్కువ. తోకచుక్క పదార్థం పోలికే ఎక్కువని వాళ్లు తేల్చారు. మామూలు నల్ల గ్రహశకలం మీద ఇంత చలిసరుకు నిలవదు.

క్లార్క్ అక్కడితో ఆగలేదు. పద్నాలుగేళ్ల తర్వాత, 2019లో, అవే విమ్స్ కొలతలకు మెరుగైన సవరణలు చేసి ఇంకా సన్నటి ప్రశ్న అడిగాడు. భారజలం అంటే మణుగూరు పుణ్యమా అని మనకు తెలిసిన మాటే. మామూలు హైడ్రోజన్ బదులు దానికి రెట్టింపు బరువుండే డ్యుటీరియం కలిసిన నీరు. మన సముద్రాల్లో సుమారు 6,400 హైడ్రోజన్లకు ఒక డ్యుటీరియం ఉంటుంది. ఎంత చలిలో నీరు పుడితే ఆ వాటా అంత పెరిగే అవకాశం ఉంది. మంచులో డ్యుటీరియం బంధం 4.13 మైక్రాన్ల దగ్గర సన్నగా ఒక నొక్కు వేస్తుంది, కనపడీ కనపడనంత. ఆ నొక్కు లోతు కొలిస్తే శని వలయాల్లోనూ, లోపలి చందమామల్లోనూ వాటా మన సముద్రాలకు దగ్గరగా వచ్చింది. అదే ఒక ఆశ్చర్యం. ఫీబీలో మాత్రం ఎనిమిది రెట్లకు పైగా, అంటే దాదాపు 770కి ఒకటి. కార్బన్ డయాక్సైడ్‌లోని బరువైన కార్బన్ వాటా కూడా ఫీబీలో మనకంటే నాలుగైదు రెట్లు ఎక్కువ. సాంద్రత విషయంలో ఎన్సెలాడస్ అడ్డుపడింది. ఇక్కడ అలా అడ్డుపడే తోబుట్టువు శని ఇంట్లో లేదు. శనికి ఎంతో అవతల, గడ్డకట్టిన చీకట్లో పుట్టిన సరుకు ఇది.

మరి అక్కణ్నుంచి ఇక్కడికి ఎలా వచ్చి ఆగింది? ఊరికే దాటిపోయే రాయిని గ్రహం పట్టుకోలేదు. వచ్చిన వేగంతోనే బయటికి పోతుంది. ఎక్కడో వేగం పోగొట్టుకోవాలి. శని తొలినాళ్ల వాయువుల పొరలో వాయువుల రాపిడికి వేగం తగ్గిందని 1979లో జేమ్స్ పొలాక్, జోసెఫ్ బర్న్స్, మార్టిన్ టౌబర్ ప్రతిపాదించారు. పెద్ద గ్రహాలు తొలికాలంలో కక్ష్యలు మార్చుకుంటూ ఒకదాని పక్కనుంచి ఒకటి పోయినప్పుడు, నడుమ పడ్డ రాళ్లు కొన్ని చిక్కుకున్నాయని 2007లో డేవిడ్ నెస్వోర్నీ బృందం లెక్కగట్టింది. నాకు రెండోదే నచ్చింది, నచ్చడం వేరు రుజువు వేరు. ఫీబీ కాస్త గోళంలా ఉండటానికి మాత్రం వేరే కథ ఉంది. 200 కిలోమీటర్ల ముద్ద తన బరువుకే గుండ్రంగా అవ్వదు, లోపల మెత్తబడాలి. పుట్టిన కొత్తలో అల్యూమినియం-26 అనే రేడియోధార్మిక పదార్థం క్షయిస్తూ ఇచ్చిన వేడికి మెత్తబడి ఉంటుంది. తర్వాత గట్టిపడ్డాక తగిలిన దెబ్బలే జేసన్ లాంటి గుంటలు.

ఆ దెబ్బల ధూళి ఎక్కడికి పోయిందో తేల్చిన పని కూడా మంచిదే, కొంచెం పొడవైనది. 1671లో జొవాన్నీ కసీని పారిస్‌లో ఐయాపిటస్ అనే చందమామను కనిపెట్టాడు. అది శనికి పడమర వైపున్నప్పుడే కనపడేది, తూర్పుకు వెళ్తే మాయం. ఒకవైపు నల్లగా, ఇంకోవైపు తెల్లగా ఉందని, ఎప్పుడూ ఒకే ముఖం శని వైపు పెట్టుకు తిరుగుతుందని ఆయన సరిగ్గానే ఊహించాడు. మూడు శతాబ్దాల తర్వాత, 1974లో స్టీవెన్ సోటర్ అన్నాడు: ఫీబీ ధూళి ఎదురు దిశలో లోపలికి జారుతూ, ముందుకు నడిచే ఐయాపిటస్ మొహానికి తగులుతోంది. వానలో స్కూటర్ నడిపేవాడి చొక్కా ముందు భాగమే తడిసినట్టు. ఊహ బాగుంది, ధూళి ఎక్కడ? 2009లో ఆన్ వెర్బిసర్, మైకేల్ స్క్రట్‌స్కీ, డగ్లస్ హామిల్టన్ స్పిట్జర్ పరారుణ టెలిస్కోపుతో ఆ ధూళి వెచ్చదనాన్నే పట్టుకున్నారు. శని మామూలు వలయాలకు 27 డిగ్రీలు ఒరిగి, శని వ్యాసార్ధానికి వందల రెట్లు దూరాన, మహా వలయం. ఒక ఘన కిలోమీటరులో పదీ ఇరవై రేణువులే. మనకు కళ్లకు కనపడేదైతే శనికి అటొక నిండు చందమామ, ఇటొక నిండు చందమామ అంత వెడల్పు. ఐయాపిటస్ మసి ఫీబీ మసికంటే ఎర్రగా ఎందుకుందన్న చిక్కు ఉంది. ధూళి మొదలుపెట్టిన పనిని ఎండ పూర్తిచేసిందని, నల్లబడ్డ చోట వేడెక్కి మంచు ఆవిరై అవతల తెల్లవైపు పేరుకుందని 2010లో జాన్ స్పెన్సర్, టిల్మాన్ డెంక్ చూపించారు. ఐయాపిటస్ తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి 79 రోజులు. ఎండకు అంత తీరిక దొరికితే ఏ పనైనా అవుతుంది.

ఫీబీ కథ ఇంత వివరంగా తెలియడం ఒక అదృష్టం. దాని చుట్టూ ఉన్న చిన్నవాటి దగ్గరికి ఎవరూ వెళ్లలేదు. 2000లో బ్రెట్ గ్లాడ్‌మన్ బృందం ఒక్కసారిగా పన్నెండు చిన్న చందమామల్ని కనిపెట్టింది. వాటి కక్ష్యలు గుంపులుగా పడటం చూసి, ఇవి విడివిడిగా వచ్చినవి కావు, పెద్దవి పగిలిన ముక్కలని గుర్తించారు. ఇన్యూట్ గాథల్లోని పేర్లు ఒక గుంపుకు, గాలిక్ పేర్లు ఒకదానికి, నార్స్ పేర్లు ఇంకోదానికి. వాటిని డెంక్ చదివిన తీరు చెప్పకుండా ఉండలేను. కసీని కెమెరాలకు కూడా అవి లక్షల కిలోమీటర్ల అవతలి ఒట్టి చుక్కలే. అయితే చుక్క వెలుగు హెచ్చుతగ్గులవుతుంది. పొడుగాటి రాయి అడ్డం తిరిగితే వెలుగెక్కువ, నిలువు తిరిగితే తక్కువ. అలా ఒక్కో చుక్కను గంటల తరబడి చూసి పాతికదాకా చందమామల భ్రమణకాలం తీశారు. కివియుక్ అనే దానికి దాదాపు 22 గంటలు, వెలుగులో బాగా హెచ్చుతగ్గు ఉంది కాబట్టి అది రెండు ముద్దలు అతుక్కున్న డంబెల్ లాంటిదేమో. ఇంకా విలువైన గమనిక వేరు. గ్రహశకలాల్లో రెండు గంటల చిల్లరకు ఒకసారి తిరిగేవి కూడా ఉన్నాయి. ఇక్కడ అతి వేగమైన హతికి కూడా ఐదున్నర గంటలు. రాళ్లు వదులుగా పోగైన గుట్ట గట్టిగా తిరిగితే విచ్చిపోతుంది. అంతకంటే వేగంగా తిరిగేది ఒక్కటీ కనపడలేదంటే ఇవి నీటికంటే తేలికైన బోలు గుట్టలై ఉండాలి. కనపడిన వాటిని బట్టి కాక కనపడని వాటిని బట్టి తూకం చెప్పడం!

ఒక చిక్కు మిగిలే ఉంది, దాన్ని దాచడం మర్యాద కాదు. నెప్ట్యూన్ అవతలి రాళ్లలో చాలా వాటికి ముదురు ఎరుపు రంగు ఉంటుంది. పెద్ద గ్రహాల ఈ చిన్న చందమామల్లో ఆ ఎరుపు కనపడదు. అక్కణ్నుంచి వచ్చి ఇక్కడి వెచ్చదనానికి రంగు మాసిందా, వచ్చిన చోటే వేరా? ఫీబీలోని బరువైన హైడ్రోజన్, కార్బన్ ఒక మాట చెప్తున్నాయి, తోటివాళ్ల రంగు ఇంకో మాట చెప్తోంది.

2025 మార్చిలో ఎడ్వర్డ్ ఆష్టన్ బృందం మరో 128 చిన్న చందమామల్ని చేర్చింది. శని మొత్తం 274కు చేరింది. హవాయిలోని 3.6 మీటర్ల టెలిస్కోపుతో మూడేసి గంటల పాటు వరస ఫొటోలు తీసి, శని నడక ఎంతో లెక్కగట్టి, ప్రతి ఫొటోను అంతంత జరిపి ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. నక్షత్రాలు చెదిరి గీతలవుతాయి, శనితో నడిచే చుక్క ఒక్కచోట పోగై పైకి తేలుతుంది. స్టీవర్ట్ గురి గొట్టం దగ్గర కూర్చుని ఏ గీతల్ని రాకుండా ఆపాడో, ఆ గీతల్నే ఇక్కడ కావాలని రప్పిస్తున్నారు. దొరికినవన్నీ కొద్ది కిలోమీటర్ల ముక్కలు. పేర్లు లేవు, అక్షరాలూ అంకెలూ మాత్రమే. రంగు తెలియదు, తూకం తెలియదు. ఎటు తిరుగుతున్నాయో మాత్రం తెలుసు. ఎక్కువ శాతం ఎదురే.